విందుల్లో గాజు గ్లాసులు: కడిగే యంత్రం కొనాలా, ఇంకేదైనా దారి ఉందా?

గరిటె_రాజమండ్రి | మొదటి రోజు, రాత్రి 11:42

నమస్కారమండీ. పదకొండేళ్లుగా రాజమండ్రిలో క్యాటరింగ్ చేస్తున్నాను. ఎక్కువగా ఐదారు వందల మంది విందులు. 2022 జులై 1న ప్లాస్టిక్ గ్లాసుల నిషేధం అమల్లోకి వచ్చాక కొన్నాళ్లు పేపరు గ్లాసులతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు పెళ్లివారు వెల్‌కమ్ డ్రింకు గాజు గ్లాసులోనే కావాలంటున్నారు. ఫోటోల్లో బాగుంటుందట. సరేనని మాఘమాసం ముహూర్తాలకు ముందు 800 గ్లాసులు కొన్నాను. శ్రావణం ముగిసేసరికి 540 మిగిలాయి.

పగిలిన డబ్బు పోతే పోయింది. మొన్న కడిగే ఆవిడకు టబ్బులో పగిలిన ముక్క అరచేతిలో దిగింది. మూడు కుట్లు పడ్డాయి. నలుగురు ఆడవాళ్లు, తుడవడానికి ఇద్దరు కుర్రాళ్లు రాత్రి రెండింటి వరకు ఉంటున్నారు. గ్లాసులు కడిగే పెద్ద యంత్రం కొనమని ఒక అమ్మకందారు వెంటపడుతున్నాడు. ఆ డబ్బుతో పాత వ్యాను ఒకటి వస్తుంది. కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, కొనాలా వద్దా?

బంతిభోజనం | మొదటి రోజు, రాత్రి 11:58

స్టీలు గ్లాసులు ఏమయ్యాయి బాబూ? నేను ముప్పై ఏళ్లు చేశాను. వెయ్యి స్టీలు గ్లాసులు రెండు గోనె సంచుల్లో వేసుకుని వెళ్లేవాళ్లం. పడేసినా సొట్ట పడుతుందే తప్ప పగలదు. విస్తరి పక్కన గాజు గ్లాసు పెడితే చిన్నపిల్లలు ఊరుకుంటారా?

గరిటె_రాజమండ్రి | రెండో రోజు, ఉదయం 6:15

బాబాయ్ గారూ, బంతిలో మంచినీళ్లకు ఇప్పటికీ స్టీలే వాడుతున్నాం. గాజు అడిగేది గుమ్మం దగ్గర ఇచ్చే డ్రింకుకు, బఫే దగ్గర జ్యూసుకు. అక్కడ స్టీలు పెడితే మరుసటి పెళ్లికి నన్ను పిలవరు.

కోనసీమ_టు_దుబాయ్ | రెండో రోజు, ఉదయం 9:30

నేను పద్నాలుగేళ్లుగా దుబాయ్ హోటళ్లలో కిచెన్ స్టీవార్డింగ్ విభాగంలో ఉన్నాను. అంటే గిన్నెలు, గ్లాసులు, చెత్త, నేల అన్నీ మా నెత్తిన ఉంటాయి. యంత్రం మాట తర్వాత చూద్దాం. ముందు ఒక లెక్క వేయండి. ఒక గ్లాసు మీ గోడౌన్‌లో బయలుదేరి మళ్లీ గోడౌన్ చేరేలోపు దాని మీద ఎన్నిసార్లు మీ మనుషుల చేయి పడుతోంది? అతిథి పట్టుకోవడం వదిలేయండి.

గరిటె_రాజమండ్రి | రెండో రోజు, మధ్యాహ్నం 1:05

కూర్చుని రాశాను. పెట్టెలోంచి తీసి పేపరు విప్పడం, దుమ్ము పోయేలా కడగడం, తుడవడం, పళ్లెంలో సర్దడం. విందు నడుస్తుండగా ఖాళీ గ్లాసు తీసి టబ్బులో వేయడం. తర్వాత సబ్బుతో తోమడం, మంచినీళ్లలో ముంచడం, బల్ల మీద బోర్లించడం, మళ్లీ తుడవడం, పేపరు చుట్టడం, పెట్టెలో సర్దడం. మొత్తం పదకొండు. ఆరు వందల గ్లాసులకు ఆరువేల ఆరు వందల సార్లు. రాసి చూసుకుంటే నాకే కళ్లు తిరిగాయి.

కోనసీమ_టు_దుబాయ్ | రెండో రోజు, మధ్యాహ్నం 2:20

అందులో రెండు తప్ప మిగతావి తగ్గించవచ్చు. మీకు ముందు కావలసింది యంత్రం కాదు, గడుల రాక్‌లు. యాభై సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉండే ప్లాస్టిక్ రాక్ ఇది. లోపల ఒక్కో గ్లాసుకు ఒక్కో గడి. అడుగంతా జాలీ, పక్కలు తెరిచి ఉంటాయి. గ్లాసు అందులోనే బోర్లా ఉంటుంది, అందులోనే కడుగుతారు, అందులోనే ఆరుతుంది, అందులోనే వ్యానెక్కుతుంది. విందులో రాక్ నుంచి పళ్లెంలోకి ఒకసారి, ఖాళీ గ్లాసు తిరిగి రాక్‌లోకి ఒకసారి, అంతే చేయి పడేది. మరీ మెరవాలనుకుంటే తుడవడంతో మూడు.

రాక్‌లలో 16, 25, 36, 49 గడులవి వస్తాయి. గ్లాసులో అన్నిటికన్నా వెడల్పైన చోట కొలవండి. అది పైన మూతి కావచ్చు, మధ్యలో పొట్ట కావచ్చు. 25 గడుల రాక్‌లో సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల వరకు, 36 గడుల దాంట్లో ఏడు వరకు, 49 గడుల దాంట్లో ఆరు వరకు పడుతుంది. ఎత్తు గ్లాసులకు పైన చట్రాలు బిగించుకోవచ్చు. ఎక్కువ గడులు వస్తాయని ఇరుకు రాక్ కొనకండి. గ్లాసు ఇరుక్కుంటే లాగుతారు, లాగితే మూతి పెచ్చు ఊడుతుంది. గ్లాసు నమూనా చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లండి.

కిచెన్_సామగ్రి_అమ్మకాలు | రెండో రోజు, సాయంత్రం 4:45

సార్, రాక్‌లతో సగం పని మాత్రమే అవుతుంది. మా హుడ్ టైప్ యంత్రం, అంటే మూత పైకెత్తి రాక్ లోపలికి తోసే రకం, తీసుకుంటే గంటకు వెయ్యి గ్లాసులు. ఒక్క మనిషి చాలు. వివరాలకు వ్యక్తిగత సందేశం పంపండి.

త్రీఫేజ్_హైదరాబాద్ | రెండో రోజు, సాయంత్రం 5:10

గంటకు వెయ్యి అంటే 25 గడుల రాక్‌లు నలభై. తొంభై సెకన్లకు ఒక రాక్ లోపలికి వెళ్లి, ఇంకొకటి బయటికి రావాలి. ఆ తొంభై సెకన్లలో అదే మనిషి తర్వాతి రాక్‌లో 25 గ్లాసులు సర్దాలి, మిగిలిన జ్యూసు పారబోయాలి, కడిగిన రాక్ దించాలి. సందేశం పెట్టినాయన ఒక గంట నిలబడి చేసి చూపిస్తే నేనే కొంటాను.

గరిటె గారూ, నేను హోటళ్లకు ఇలాంటి యంత్రాలు బిగించే పనిలో ఉన్నాను. అవి మంచి యంత్రాలే. ఒకే చోట ఉండే వంటింటికి వాటిని మించినవి లేవు. వారానికో కల్యాణ మండపం తిరిగే మీకు మాత్రం చిక్కులున్నాయి. యంత్రం లోపలి తొట్టిలో నీళ్లు, చివర కడిగే నీళ్లు రెండూ వేడి చేయాలి. పది కిలోవాట్ల చుట్టుపక్కల కరెంటు లాగుతుంది. ఇంట్లో గీజర్లు ఐదు ఒకేసారి వేసినట్టు అనుకోండి. త్రీఫేజ్ కావాలి, నీటి పీడనం కావాలి, కాలువ దగ్గరుండాలి. డీజిల్ జనరేటర్ మీద నడిచే మండపంలో దీన్ని పెడితే పందిట్లో ఏసీలు ఆగిపోతాయి. పెళ్లికూతురు తండ్రి మీ దగ్గరికే వస్తాడు.

కొంటే గోడౌన్‌లో పాతుకోవాలి. మురికి గ్లాసులు అక్కడికి తీసుకువెళ్లి కడగాలి. అప్పుడైనా రాక్‌లు లేకుండా తేలేరు. ఎలా చూసినా మొదటి కొనుగోలు అదే.

కడిగే_చేతులు | రెండో రోజు, రాత్రి 9:50

గుంటూరులో నా దగ్గర పదహారు మంది ఆడవాళ్లు ఉన్నారు. విందుల్లో కడిగే పని ఒప్పుకుంటాం. ఇంతసేపూ గ్లాసు గురించే మాట్లాడుకున్నారు. కుట్లు పడిన ఆవిడ ఎలా ఉందో ఒక్కరూ అడగలేదు.

సబ్బు నీళ్లలో గాజు ముక్క కనబడదు. నీళ్లు మురికైతే చేయి పెట్టేదాకా తెలియదు. ఆ టబ్బులో చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు అన్నీ కలిపి పడేస్తారు మీ కుర్రాళ్లు. పైనుంచి ప్లేటు పడితే అడుగున గ్లాసు ఉంటుందా? పగిలింది ఎవరు చెబుతారు? ఎవరూ చెప్పరు, డబ్బు కోస్తారని భయం. మేం చేయి పెడతాం. యంత్రం, రాక్ అవన్నీ మీ ఇష్టం. ముందు ఆ టబ్బు తీసేయండి. పగిలిందని చెప్పినవాళ్ల కూలి కోయడం కూడా మానండి.

ఇంకొకటి. యంత్రం వస్తే నలుగురిలో ముగ్గురిని తీసేసి, వాళ్ల కూలితో యంత్రం అప్పు కడతారు. ‘శ్రమ తగ్గించే పరికరం’ అని పేరు పెడతారు. తగ్గేది శ్రమా, శ్రమ చేసేవాళ్లా?

గరిటె_రాజమండ్రి | రెండో రోజు, రాత్రి 10:30

అమ్మా, మీరన్నది నిజమే. ఆవిడ కుట్లు విప్పారు, వేళ్లు బాగానే కదులుతున్నాయి. పని లేని రోజుల కూలి ఇచ్చాను. పగిలితే డబ్బు కోసే పద్ధతి మా దగ్గర ఉండేది. మేస్త్రీతో మాట్లాడి తీసేశాను.

మనుషులను తగ్గించే ఉద్దేశం లేదు. ఆదివారం ముహూర్తానికి కడిగేవాళ్లు దొరకడమే గగనం. రాత్రి రెండయితే ఇంటికి ఆటో దొరకదని రావడం మానేస్తున్నారు.

కడిగే_చేతులు | రెండో రోజు, రాత్రి 10:41

విందు లెక్కన కూలి ఇస్తే త్వరగా అయ్యే పని మాకు లాభం. గంట లెక్కన ఇస్తే మీకు లాభం. ఏ లెక్కో ముందే మాట్లాడుకోండి.

న్యూజెర్సీ_విస్తరి | మూడో రోజు, ఉదయం 7:20

ఇక్కడ మన పెళ్లిళ్లకు భోజనాలు సరఫరా చేస్తాను. బాంక్వెట్ హాళ్లలో గ్లాసులు హాలువాళ్లవే ఉంటాయి కాబట్టి నాకు ఆ తలనొప్పి లేదు. అయినా వాళ్ల మనుషులు పనిచేసే తీరు గమనిస్తుంటాను. ఖాళీ గ్లాసులు తీసే మనిషి టబ్బు పట్టుకోడు. ఖాళీ రాక్ పెట్టిన ట్రాలీ తోసుకుంటూ వస్తాడు. మిగిలిన పానీయం పారబోయడానికి ఒక బకెట్, మీద జల్లెడ. గ్లాసు బల్ల మీద నుంచి నేరుగా గడిలోకి వెళుతుంది. ప్లేట్లకు వేరే ట్రాలీ.

చిన్న పిట్టకథ. గిన్నెలు కడిగే యంత్రానికి 1886లో పేటెంటు తీసుకున్న జోసెఫీన్ కోక్రేన్ ఇల్లినాయ్‌కు చెందిన గృహిణి. పనివాళ్లు కడుగుతుంటే ఆమె పింగాణీ సామాను పెచ్చులు ఊడేదట. ఆమె మొదట చేసిన పని మోటారు బిగించడం కాదు. ప్లేటుకు, కప్పుకు, సాసరుకు కొలత తీసి తీగలతో గడులు అల్లించడం. ఆ తర్వాతే వాటి మీదికి వేడి సబ్బు నీళ్లు కొట్టే ఏర్పాటు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టాక హోటళ్లవాళ్లు కొన్నారు. దుబాయ్ గారు చెబుతున్న గడి ఆనాటిదే.

త్రీఫేజ్_హైదరాబాద్ | మూడో రోజు, ఉదయం 10:00

యంత్రం వద్దనుకుంటే మధ్యలో చిన్న పరికరాలు ఉన్నాయి. బార్లలో నిలువు బ్రష్షుల మోటారు వాడతారు. సింకులో దింపితే మధ్యలో ఒక బ్రష్షు, చుట్టూ కొన్ని తిరుగుతుంటాయి. గ్లాసు బోర్లించి నొక్కితే లోపలా బయటా ఒకేసారి తోముతుంది. ఇంకొకటి నీటి చిమ్ము. గ్లాసు బోర్లించి నొక్కగానే కింది నుంచి నీళ్లు ఎగజిమ్ముతాయి. కరెంటు అక్కర్లేదు, కుళాయి ఉంటే చాలు. మోటారు బ్రష్షు పెడితే మాత్రం కరెంటు లీకైన వెంటనే ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకరు లేకుండా పెట్టకండి. తడి చేతులు, తడి నేల, పందిట్లో లాగిన వైరు. నాకు తలచుకుంటేనే భయం.

కోనసీమ_టు_దుబాయ్ | మూడో రోజు, ఉదయం 11:35

బ్రష్షు మోటారు వంద గ్లాసులకు బాగుంటుంది. ఆరు వందలకు మళ్లీ ఒక్కో గ్లాసూ చేతిలోకి తీసుకోవాలి. రాక్ మీదే పైపు షవరుతో కొట్టడం, తర్వాత రాక్‌తో సహా ముంచడానికి సరిపోయే రెండు లోతైన తొట్లు పెట్టుకోవడం మేలు. రాక్ మునిగేటప్పుడు కొంచెం వంచండి. బోర్లా ఉన్న గ్లాసులో గాలి చిక్కుకుంటే లోపలికి నీళ్లు వెళ్లవు.

పగలడానికి ఇంకో కారణం ఎవరూ అనలేదు. వేడినీళ్లతో కడిగిన గ్లాసులో వెంటనే ఐసు వేస్తే మామూలు గాజు చిట్లుతుంది. టెంపర్డ్ గాజు, అంటే తయారీలోనే గట్టిపరిచిన గాజు, ఇంకాస్త తట్టుకుంటుంది, పగిలినా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. కాబట్టి చల్లారనివ్వండి. గ్లాసుతోనే ఐసు తోడే అలవాటు మీ కుర్రాళ్లకు ఉంటే ఈ రోజే మాన్పించండి. ఐసు పెట్టెలో మూతి పగిలితే ముక్క దొరకదు. ఆ పెట్టె ఐసంతా పారబోయడం తప్ప దారి లేదు.

గరిటె_రాజమండ్రి | మూడో రోజు, మధ్యాహ్నం 12:10

ఐసు తోడే అలవాటు ఉంది. నాకే ఉంది.

గరిటె_రాజమండ్రి | ఇరవై ఆరో రోజు, రాత్రి 12:50

విందు అయింది, ఇంటికొచ్చి రాస్తున్నాను. మా గ్లాసు మూతి 7.8 సెంటీమీటర్లు. 25 గడుల రాక్‌లు 24, చక్రాల డాలీలు నాలుగు తెచ్చాను. డాలీ అంటే తెలియనివారికి, చక్రాలున్న పీట. దాని మీద రాక్‌లు ఒకదానిపై ఒకటి ఆరు పేర్చాం. మా గ్లాసు 220 గ్రాములు కాబట్టి నిండు రాక్ ఎనిమిది కిలోల లోపే తూగుతోంది. ఒక మనిషి దించగలడు. మోయాల్సిన పనే తక్కువ, తోసుకుపోవడమే.

మా బండి తొట్టి ఏడు అడుగుల పొడవు, నాలుగున్నర వెడల్పు. పొడవునా నాలుగు వరసలు, అడ్డంగా రెండు పడతాయి. మా నాలుగు దొంతరలూ సగం బండికే సరిపోయాయి. పక్కన మిగిలిన అడుగు సందులో మడత పెట్టిన టేబుల్ గుడ్డలు కూరాం. ఊగలేదు. మునుపు పేపరు చుట్టడానికే రెండు గంటలు పట్టేది.

పగిలినవి ఏడు. మునుపు విందుకు పాతిక, ముప్పై పోయేవి. ఆ ఏడులో నాలుగు నా తప్పే. మండపం వెనక కాలువ మీద ఇనుప జల్లెడ ఉంది. డాలీ ముందు చక్రం అందులో దిగింది, పై రాక్ జారింది. వచ్చే వారం పచ్చిక మీద రిసెప్షన్ ఉంది. పచ్చికలో ఈ చక్రాలు అసలు కదలవు. ఏం చేయాలి?

టబ్బు పూర్తిగా తీసేశాం. పన్నెండింటికల్లా అందరూ ఇళ్లకు వెళ్లారు. కూలి అంతే ఇచ్చాను అమ్మా.

ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు వచ్చాయి. డ్రింకులో సబ్జా గింజలు వేశాం. గ్లాసు అడుగున అతుక్కుని ఆరిపోతే షవరుకు కదలడం లేదు. రెండోది, తుడవకుండా రాక్‌లోనే ఆరబెడితే తెల్లటి మచ్చలు కడుతున్నాయి.

కోనసీమ_టు_దుబాయ్ | ఇరవై ఆరో రోజు, ఉదయం 8:40

చాలా సంతోషం. పచ్చికలో ప్లైవుడ్ చెక్కలు వరసగా పరవండి. చిన్న చక్రాల బదులు పెద్దవి, రబ్బరువి వేయించుకుంటే కాలువ జల్లెడ బాధ కూడా తగ్గుతుంది. దొంతర ఆరు కాకుండా ఐదే పేర్చండి, పైన మూతలాగా ఒక ఖాళీ రాక్ బోర్లించండి. దుమ్ము పడకుండా గుడ్డ కప్పండి.

సబ్జాకు మందు ఆరనివ్వకపోవడమే. రాక్ నిండగానే నిలబెట్టి వదిలేయకుండా ఒక తొట్టిలో దింపేయండి. బాదం పాలు, లస్సీ గ్లాసులకూ అంతే. పాలు ఎండితే సబ్జా నయం అనిపిస్తుంది.

త్రీఫేజ్_హైదరాబాద్ | ఇరవై ఆరో రోజు, ఉదయం 9:15

తెల్ల మచ్చలు మీ గ్లాసువి కావు, మీ నీళ్లవి. కడిగింది బోరు నీళ్లతోనేనా? నీళ్లు ఆవిరైపోతే అందులోని సున్నం గాజు మీదే ఉండిపోతుంది. తాగునీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిదని, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు సరిపెట్టుకోవచ్చని మన ప్రమాణాలు చెబుతాయి. తాగడానికి పనికొచ్చే నీళ్లే గ్లాసును మసకబారుస్తాయి. యంత్రం కొన్నా ఇదే గతి, పైగా హీటర్ల మీద పొర కడుతుంది. నేను విప్పిన పాత యంత్రాల్లో సగం రోగం అదే.

చివరి ముంపు మాత్రం ఆర్ఓ నీళ్లతో చేయండి. క్యాన్లు ఎలాగూ తెప్పిస్తారు కదా. ఇప్పటికే పట్టిన మచ్చలకు గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కాసేపు ఉంచి కడగండి. వదిలిపోతాయి. కొన్నేళ్లు వాడిన గ్లాసుకు ఎంత తోమినా పోని మసక ఉంటే అది మచ్చ కాదు, గాజే గరుకెక్కింది. దాన్ని పక్కన పెట్టేయడమే.

కడిగే_చేతులు | ఇరవై ఆరో రోజు, మధ్యాహ్నం 1:30

నిమ్మ ఉప్పు నీళ్లలో చేతులు పెట్టేటప్పుడు గ్లౌజులు ఇవ్వండి. పగుళ్లున్న చేతికి మంట పుడుతుంది. పొడుగువి ఇవ్వండి, మణికట్టు దాకా ఉండేవాటిలోకి నీళ్లు దూరతాయి.

పన్నెండింటికి ఇళ్లకు వెళ్లారన్నారు, బాగుంది. మా గుంటూరు మేస్త్రీలకు ఈ పేజీ చూపించాను. ఒకాయన ‘రాక్‌లు మీరే కొనుక్కోండి, అద్దె ఇస్తాం’ అన్నాడు. ఆలోచిస్తున్నాం. పదహారు మందిమి తలా కొంత వేసుకుంటే పది రాక్‌లు వస్తాయి.

కోనసీమ_టు_దుబాయ్ | ఇరవై ఆరో రోజు, మధ్యాహ్నం 2:05

మీరు కొంటే అద్దె రాక్‌కు కాదు, కడిగి ఆరబెట్టి అప్పగించిన గ్లాసుకు ఇంత అని మాట్లాడుకోండి. అందరూ ఒకే కొలత రాక్‌లు కొనాలి. యాభై సెంటీమీటర్లవైతే రేపు ఎవరైనా యంత్రం పెట్టినా అందులో పడతాయి.

గరిటె_రాజమండ్రి | ఇరవై ఏడో రోజు, ఉదయం 7:00

యంత్రం ఆలోచన ఈ ఏడాదికి పక్కన పెట్టాను. ఇంకో ఇద్దరు క్యాటరింగ్ మిత్రులు కలిస్తే ఒక గోడౌన్‌లో ముగ్గురికీ కలిపి పెట్టుకోవచ్చేమో చూస్తున్నాం. ముగ్గురికీ ఒకే రోజు ముహూర్తం పడితే ముందు ఎవరి గ్లాసులన్న దగ్గర మాట ఆగింది. ఆర్ఓ నీళ్లతో నిన్న వంద గ్లాసులు ముంచి చూశాం. తుడవకుండానే మెరుస్తున్నాయి. తుడిచే కుర్రాళ్లిద్దరినీ ఖాళీ గ్లాసులు సేకరించే ట్రాలీకి మార్చాను.

బంతిభోజనం | ఇరవై ఏడో రోజు, ఉదయం 8:25

అంతా చదివాను. నా దగ్గర ఇంకా ఆరు వందల స్టీలు గ్లాసులు ఉన్నాయి. మూతి ఏడున్నర సెంటీమీటర్లు. ఆ రాక్‌లో పడతాయా?

కోనసీమ_టు_దుబాయ్ | ఇరవై ఏడో రోజు, ఉదయం 8:50

25 గడుల దాంట్లో పడతాయి బాబాయ్ గారూ, 36లో పడవు. కానీ స్టీలుకు రాక్ దండగ. మీ గోనె సంచే మేలు.